వీసాకిచ్చిన రక్తం నిఖాకి ఎందుకివ్వరు?

పోయిన నెల మా ఆపా కూతురికి రిష్తా వచ్చింది. అబ్బాయి ఆరేళ్లుగా జెద్దాలో పనిచేస్తున్నాడు. మంచి ఖాందాన్, నమాజీ. జీతం అడిగారు, మెహర్ మాట్లాడారు, జోడేకీ రఖమ్ ఎంతో కూడా తేల్చేశారు. అబ్బాయి తరఫువాళ్లు వెళ్లిపోయాక, మనవాళ్లే మిగిలారు కదా అని నేను నోరు తెరిచాను. "నిఖాకి ముందు ఇద్దరికీ రక్తపరీక్షలు చేయిద్దాం. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్. పిల్లకీ, పిల్లాడికీ."

"తౌబా తౌబా! లడ్కీవాలే ఐసీ బాతాఁ కర్తే క్యా?" అన్నారు మామూజాన్. ఆపా నా చెయ్యి గిల్లింది. దూల్హాభాయ్ టోపీ పెట్టుకుని మస్జిద్‌కి బయల్దేరారు. అసర్‌కి ఇంకా అరగంట టైముంది.

ఆ అబ్బాయి సౌదీ వెళ్లేముందు చేయించుకున్నవి ఈ పరీక్షలే. గల్ఫ్ మెడికల్ అంటే ఏంటో రాయచోటిలో, నిజామాబాద్‌లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. రక్తం తీస్తారు, ఇవన్నీ చూస్తారు, 'అన్‌ఫిట్' వస్తే ప్రయాణం ఆగిపోతుంది. అప్పుడు ఎవరికీ ఖాందాన్ ఇజ్జత్ గుర్తుకురాదు. కఫీల్ కోసం చెయ్యి చాపి రక్తమిస్తాం. దుల్హన్ తరఫువాళ్లు అడిగితే మాత్రం బేఇజ్జతీ. ప్రతి మస్‌అలాకీ సౌదీ వైపు చూసే మనకి ఇంకో సంగతి తెలియాలి. అక్కడ నిఖాకి ముందు పరీక్ష 2004 నుంచి తప్పనిసరి. మొదట సికిల్ సెల్, తలసీమియా చూసేవాళ్లు. 2008లో హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ కూడా చేర్చారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల మీద నాకు ప్రత్యేకంగా షక్ ఏమీ లేదు. అబ్బాయి మా వీధిలో కిరాణా కొట్టు నడిపేవాడైనా ఇదే అడిగేదాన్ని.

తెలుగులో ఈ రోగాలకి 'సుఖవ్యాధులు' అని ఎవరు పేరు పెట్టారో! సుఖం ఎవరిదో, వ్యాధి ఎవరికో ఆ మాట చెప్పదు. ఉర్దూలో ఆతిషక్, సూజాక్ అని పేర్లున్నాయి. నేను అవి బడిలో వినలేదు. 'గుప్త్ రోగ్' హకీముల గోడ రాతల్లో చదివాను. టెన్త్‌లో మా ఉర్దూ మీడియం ఉస్తానీ 'తౌలీద్' పాఠం రాగానే "ఘర్ పే పఢ్ లో" అని పేజీలు తిప్పేశారు. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుని, ప్రబంధాల్లో నాయికల వర్ణనలు పరీక్ష కోసం బట్టీపట్టాను. ఇన్ని చదివీ, పెళ్లయ్యాక డాక్టరమ్మ ముందు నొప్పి ఎక్కడో చెప్పడానికి నాకు దొరికింది 'అక్కడ' అనే ఒక్క మాట.

ఇవి మన దాకా వచ్చే రోగాలు కావని మామూజాన్ ఇంకో దలీల్ తెచ్చారు. 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్ఐవీ దేశం మొత్తం మీద 0.21 శాతం, తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. అంటే ఆంధ్రలో దేశ సగటుకి మూడింతలు. "మనకి ఖత్నా ఉంది కదా" అన్నారు. ఈ గుమాన్ మనవాళ్లలో చాలామందికుంది. ఇందులో కొంత నిజం ఉంది, అందుకే మరీ ప్రమాదం. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో జరిగిన ట్రయల్స్‌లో, ఖత్నా అయిన మగవాళ్లకి ఆడవాళ్ల నుంచి హెచ్ఐవీ సోకడం దాదాపు 60 శాతం తగ్గింది. తగ్గింది, పోలేదు. సూజాక్‌ని ఖత్నా ఆపదు. పైగా ఆ రక్షణ మగవాడిది. ఉగాండాలోనే అప్పటికే హెచ్ఐవీ ఉన్న మగవాళ్లకి ఖత్నా చేసి చూస్తే, వాళ్ల భార్యలకి సోకడం తగ్గలేదు.

మా మొహల్లా ఆడవాళ్లు నా దగ్గరికి పేపర్ కోసం రారు, డాక్టర్ చీటీ చదివించుకోడానికి వస్తారు. ఒక భాభీ ఏడాదిలో నాలుగుసార్లు తెల్లబట్టకి మందులు వాడింది. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. డాక్టరమ్మ ప్రతిసారీ "మీ ఆయన్ని తీసుకురా" అన్నారట. ఆయన రాలేదు. "నాకేం లేదు, అది నీ బీమారీ" అన్నాడట. తెల్లబట్ట అంతా అంటుకునేదే కాదు. కానీ అంటుకునే రకమైతే మొగుడూపెళ్లాలిద్దరికీ ఒకేసారి మందు పడాలి. ఒకరికే వేస్తే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. సూజాక్, క్లమీడియా చాలామంది ఆడవాళ్లలో పైకి ఏమీ కనిపించకుండానే గర్భనాళాలు మూసేస్తాయి. ఐదేళ్లు గడిచాక సాస్ ఆమెని బాంఝ్ అంటుంది, కొడుక్కి ఇంకో రిష్తా వెతుకుతుంది. ఆ మర్జ్ ఇంట్లోకి ఎవరు తెచ్చారని అడిగేవాళ్లుండరు.

సిఫిలిస్ కడుపులోనే బిడ్డ ప్రాణం తీస్తుంది. తొలిదశలో పట్టుకుంటే ఒక్క పెన్సిలిన్ ఇంజక్షన్‌తో పోతుంది. హెపటైటిస్ బీకి టీకా ఉంది. హెచ్ఐవీ ఉన్న తల్లికి మందులు లేకపోతే బిడ్డకి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందులు వాడితే 5 శాతం లోపే. పెద్ద సర్కారీ దవాఖానాల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, అక్కడ ఈ రోగాలకి పరీక్షా మందులూ ఉచితం. అడగడానికి షరమ్ అయితే 1097కి ఫోన్ చేయొచ్చు, పైసా ఖర్చవదు.

మౌల్వీ సాబ్‌లకి అదబ్‌తోనే ఒక మాట. జుమ్మా బయాన్‌లో జినా హరామ్ అని చెబుతారు, జజాకల్లాహ్. ఏ పాపం తెలియని బీవీకి మొగుడి నుంచి రోగం వస్తే ఏం చేయాలో ఎప్పుడు చెబుతారు? జహేజ్‌లో మనం పెట్టి పంపే బహిష్తీ జేవర్‌లో హైజ్, నిఫాస్, గుసుల్ మసాయిల్ దాపరికం లేకుండా రాసి ఉన్నాయి. ఉమ్మె సులైమ్ (ర.జి.) స్వయంగా ప్రవక్త (స) దగ్గరికెళ్లి, మగవాళ్లకి వచ్చినట్టే ఆడదానికీ కల వస్తే గుసుల్ చేయాలా అని అడిగారు. ఆయన కోప్పడలేదు, జవాబిచ్చారు. దీన్ నేర్చుకోవడానికి హయా అడ్డు రాలేదని అన్సారీ స్త్రీలని హజ్రత్ ఆయిషా (ర.జి.) మెచ్చుకున్నారు. ఇదంతా చెబితే మామూజాన్ "వో జమానా అలగ్ థా" అన్నారు. అవును, అలగే. అప్పుడు అడిగే ఆడవాళ్లుండేవాళ్లు, చెప్పేవాళ్లూ ఉండేవాళ్లు.

ఎవరినీ బలవంతపెట్టమనడం లేదు. సమ్మతి లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయకూడదని, రిపోర్టు బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. రిపోర్టు ఆ ఇద్దరి చేతికే రావాలి, మషాతా చేతికి కాదు. పాజిటివ్ వచ్చినంతమాత్రాన ఎవరి జిందగీ అయిపోదు. మందులు వేసుకుంటూ వైరస్ పరీక్షలో కనపడనంత తగ్గి, అలాగే ఉన్నవాళ్ల నుంచి భార్యకి గానీ భర్తకి గానీ కలయిక వల్ల సోకదు. అన్నీ తెలిసి 'ఖబూల్ హై' అంటే అది వాళ్ల మర్జీ. తెలియనివ్వకుండా అనిపించడం దగా.

మొన్న పిల్ల ఫోన్ చేసింది. దాని ఇజాజత్‌తోనే రాస్తున్నా. "ఖాలా, నేను చేయించుకున్నా. రిపోర్టు నా దగ్గరుంది. ఆయన్ని ఎవరడుగుతారు?" ఇంట్లో మగవాళ్లెవరూ అడగరని దానికీ తెలుసు. అబ్బాయి సెలవు ఈ నెలాఖరుదాకా ఉందట. ఆదివారం జొహర్ తర్వాత వాళ్లింటికి నేనే వెళ్తున్నాను. ఆపా కూడా వస్తానంది, మాట్లాడనన్న షర్తు మీద.