లెక్కలోకి రాని నాలుగు పుస్తకాలు

పోయిన వేసవి సెలవుల్లో మన సంఘం వారు పిల్లలకు పుస్తక పఠనం పోటీ పెట్టిన సంగతి పాఠకులకు గుర్తుండే వుంటుంది. పది పుస్తకాలు చదివి, ఒక్కొక్కదాని గురించి నాలుగు వాక్యాలు రాసి ఇవ్వాలి. ఇచ్చిన వారందరికీ ఉగాది నాడు బహుమతి. కాగితాలు దిద్దే పని మాకు అప్పగించారు. (అప్పగించారు అనేకన్నా, ఆ రోజు కమిటీ మీటింగుకు మేము ఆలస్యంగా వెళ్ళాము అనడం సబబు.)

వచ్చిన జాబితాలలో పదమూడేళ్ళ అమ్మాయి ఒకతె ఇచ్చిన జాబితాలో ఆరు నవలలు, నాలుగు 'బేర్‌ఫుట్ జెన్' అనే జపాను బొమ్మల పుస్తకం భాగాలు వున్నాయి. మేము ఆ నాలుగింటినీ ఎర్ర సిరాతో కొట్టేసి, "ఇవి లెక్కలోకి రావు" అని పక్కన రాశాము. ఆ అమ్మాయికి బహుమతి పోయింది. ఏడవలేదు, వాదించలేదు. హాలు బయట కారు దగ్గర తల్లి పక్కన నిలబడి ఒక్క మాట అడిగింది: "అంకుల్, మీరు చదివారా?"

చదవలేదు. ఇన్నేళ్ళుగా ఈ శీర్షికలో పుస్తకాల గురించి రాస్తూ, చదవని పుస్తకం మీద తీర్పు చెప్పి పట్టుబడడం మాకు ఇదే మొదటిసారి. పట్టుబడనివి ఎన్నో!

మర్నాడే లైబ్రరీకి వెళ్ళాము. పిల్లల విభాగంలో ఇప్పుడు ఒక గోడ పొడుగునా ఇవే. జపాను వాళ్ళవి మాంగా, ఇక్కడి వాళ్ళవి గ్రాఫిక్ నవలలు. 'జెన్' పది సంపుటాలు. మొదటిది తెచ్చుకొని రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటే గంటలోపే అయిపోయింది. ఇంతేనా అనిపించింది. ఆ అమ్మాయికి ఫోను చేసి అదే మాట అంటే, "మీరు మాటలు చదివి వుంటారు అంకుల్, బొమ్మలు కూడా చదవాలి" అన్నది. నిజమే. బుడగల్లో వున్న అక్షరాల వెంట పరుగెత్తి బొమ్మల్ని దారి పక్క చెట్లలాగా వదిలేశాము. మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాము. ఈసారి నాలుగు రాత్రులు పట్టింది.

బొమ్మలంటే మనకు చులకన ఎందుకో ఆలోచిస్తే ఆశ్చర్యమే. మనలో చాలామంది చదవడం నేర్చుకున్నది చందమామతో. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మొదలుపెట్టిన ఆ పత్రికలో బొమ్మలు లేకుండా పేజీలు తిప్పడం ఊహించగలమా? శంకర్ గారు వేసిన విక్రమార్కుడు భుజాన శవంతో, చేతిలో కత్తితో నడుస్తుంటే గదా మనం బేతాళుడి ప్రశ్న దాకా వెళ్ళింది! బుడుగును తలచుకుంటే ముందు మనకు కనిపించేది బాపు గారి గీతే, తరువాతనే ముళ్ళపూడి వారి మాట వినిపిస్తుంది. అయినా పెద్దయ్యాక బొమ్మలు మానేయడం పాలసీసా మానేయడం లాంటిదని మన నమ్మకం.

ఇంకో సంగతి. మా అమ్మగారు పెళ్ళికాక ముందు యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'ని చదివింది లెక్కల పుస్తకం లోపల పెట్టుకొనేనట. మా తాతగారి దృష్టిలో నవల అంటే ఆడపిల్లలను పాడుచేసే వస్తువు. ఇప్పుడు మన పిల్లలు నవలలు చదవడం లేదని బాధపడుతున్న మనం ఆ తాతగార్ల మనవలమే.

అయితే చందమామకూ మాంగాకూ తేడా వుంది. చందమామలో కథ అక్షరాలు చెప్తాయి, బొమ్మ పక్కన నిలబడి చూపిస్తుంది. మాంగాలో కథ చెప్పేదే బొమ్మ. గడికీ గడికీ మధ్య సన్నని తెల్ల సందు వుంటుంది చూశారా, అసలు పని అక్కడ జరుగుతుందని స్కాట్ మెక్‌క్లౌడ్ అనే ఆయన 1993లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. ఆ పుస్తకం కూడా బొమ్మల కథే! ఒక గడిలో ఒకడు గొడ్డలి ఎత్తుతాడు. పక్క గడిలో రాత్రిపూట ఊరు, ఒక కేక. దెబ్బ పడిన బొమ్మ ఎక్కడా లేదు. ఆ దెబ్బ వేసింది చదివేవాడే అంటారాయన. బొమ్మల పుస్తకం చదివితే ఊహాశక్తి మొద్దుబారుతుందని మేము ఈ పేజీలోనే ఒకసారి రాసినట్టు గుర్తు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాము.

ఇక 'జెన్' సంగతి. రాసి, గీసినవారు కేజీ నకజావా. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడేనాటికి ఆయనకు ఆరేళ్ళు. బడి గోడ చాటున వుండి బతికారు. తండ్రి, అక్క, తమ్ముడు పోయారు. ఆ రోజే తల్లి ప్రసవించింది, ఆ పసిబిడ్డ కూడా కొద్ది నెలలకే పోయింది. 1966లో తల్లి చనిపోయాక దహనం చేస్తే బూడిదలో ఎముకలు మిగలలేదట. అస్థికలు ఏరుకోవడం మనకు లాగే వాళ్ళకూ ముఖ్యం. ఆ కోపంతో బాంబు గురించి గీయడం మొదలుపెట్టారు. 'జెన్' 1973లో మగపిల్లలు చదివే ఒక వారపత్రికలో సీరియల్‌గా మొదలైంది. ఆయన 2012లో కన్నుమూశారు.

మొదటి సంపుటంలో చాలా భాగం అల్లరి. గుండ్రటి మొహాలు, దెబ్బలాటలు, చిలగడదుంప కోసం అన్నదమ్ముల కొట్లాట. తండ్రి యుద్ధం తప్పు అంటాడు గనుక ఇరుగుపొరుగు వాళ్ళను దేశద్రోహులంటారు. మన బుడుగులాంటి పిల్లవాడేలే అనుకుంటూ పేజీలు తిప్పుతాము. అదే చేత్తో, అదే గుండ్రటి గీతతో ఆ ఉదయం వస్తుంది. ఇల్లు కూలి తండ్రీ, అక్కా, తమ్ముడూ కింద చిక్కుకుంటారు, మంట దగ్గరకు వస్తుంటుంది. ఆ పేజీలు చూసి మేము పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాము. అచ్చులో "చర్మం వేలాడుతోంది" అని వుంటే కన్ను దాని మీద నుంచి జారిపోతుంది. బొమ్మ అలా జారనివ్వదు. పేజీ తిప్పకముందే కంటి కొసకు తగులుతుంది.

జపానులోనే దీని మీద గొడవలు జరిగాయి. మత్సుయే నగరంలో విద్యాశాఖ వారు 2012లో బడి లైబ్రరీలలో దీన్ని పిల్లలకు చేతికందకుండా పెట్టమన్నారు. 2013లో పెద్ద అల్లరై ఆ ఆంక్ష తీసేశారు. 2023లో హిరోషిమా నగరం వారే తమ శాంతి పాఠాల నుంచి దీన్ని తొలగించారు. కనుక ఎర్ర సిరా పట్టింది మేమొక్కరమే కాదు. కాని అదేమీ ఊరట కాదు.

పది సంపుటాలూ అయ్యేసరికి మాకు కొన్ని ఫిర్యాదులు కూడా మిగిలాయి. మనుషులు ఎప్పుడూ అరుస్తూనే వుంటారు. మంచివాడు మంచివాడే, చెడ్డవాడు చెడ్డవాడే. చివరి సంపుటాలలో చెప్పిందే చెప్తారు. సరే, దీని పక్కన ఒక వచన నవల పెట్టి చూద్దామని, అదే హిరోషిమా మీద మసుజీ ఇబుసే రాసిన 'బ్లాక్ రెయిన్' తెచ్చాము. ఇది జపానులో 1965, 66 సంవత్సరాలలో సీరియల్‌గా వచ్చింది.

కథ ఏమిటంటారా? పెళ్ళి సంబంధం. అవును, అదే! యుద్ధం అయిపోయి కొన్నేళ్ళు. షిగెమత్సు అనే పెద్దమనిషి ఇంట్లో యసుకో అనే మేనకోడలు వుంది. వచ్చిన సంబంధం ప్రతిదీ వెనక్కి పోతోంది, పిల్ల బాంబు రోజున హిరోషిమాలో వుందని ఊళ్ళో పుకారు గనుక. ఆమె ఆరోగ్యంగా వుందని మధ్యవర్తికి రుజువు చూపడానికి ఆ రోజుల డైరీలు కాపీ రాసి ఇద్దామని ఆయన కూర్చుంటాడు. బాంబు మనకు కనబడేది ఆ డైరీలలోనే. యుద్ధకాలంలో ఏం వండుకు తిన్నామో భార్య చేత ఒక పద్దు రాయిస్తాడు. బరువు పని చేయకూడదన్నారు గనుక తోటి రోగులతో కలిసి చెరువులో చేపపిల్లలు పెంచుతాడు. పనీపాటా లేదని ఊరివాళ్ళు ఎత్తిపొడుస్తారు. చక్రవర్తి ఓటమి ప్రకటించే రేడియో ప్రసంగం అందరూ వింటుంటే, ఈయన బయట కాలువలో ఎదురీదే మలుగుచేప పిల్లలను చూస్తూ నిలబడతాడు. బాంబు పడినప్పుడు యసుకో ఊళ్ళో లేదు, నిజమే. కాని తరువాత కురిసిన నల్లటి వాన ఆమె మీద పడింది. ఇక్కడ ఆయన కాపీ రాస్తుండగానే అక్కడ ఆమెకు జబ్బు బయటపడుతుంది.

ఒక్క అరుపు లేదు. అయినా మేము పుస్తకం మూయలేకపోయాము, నీళ్ళ కోసం లేవలేకపోయాము.

తేడా ఎక్కడుందో మాకు అర్థమైనది ఒక చిన్న విషయం వల్ల. జెన్ మొహం మాకు తెలుసు, నకజావా గీసి ఇచ్చారు. అతడు జపాను పిల్లవాడే, మేము అతడిని చూస్తున్నాము. యసుకో మొహం ఇబుసే ఇవ్వలేదు. సగం నవల అయ్యాక చూసుకుంటే, మేము ఆమెకు మా చిన్ననాటి వీధిలోని ఒక అక్క మొహం పెట్టి చదువుతున్నాము. ఏదో జబ్బని ఎవరో అన్న మాటకు ఆమె సంబంధాలు రెండు తప్పిపోయాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆమెను తలచుకోలేదు. వచనం మొహాలను మన ఇంట్లోంచే తీసుకొంటుంది. ఇల్లు పెద్దదైతే, అంటే నాలుగు సంగతులు చూసిన వాళ్ళమైతే, పుస్తకం పెద్దదవుతుంది. పదమూడేళ్ళ పిల్ల దగ్గర అన్ని మొహాలు ఎక్కడివి? ఆమెకు నకజావా ఒక మొహం చేతికిచ్చారు. ఆ సాయం తీసుకున్నందుకు మేము మార్కులు కోశాము.

బొమ్మ చేయగలిగి అక్షరం చేయలేనిది ఇంకొకటి ఈ మధ్యనే మా ఇంట్లో జరిగింది. షాన్ టాన్ అనే ఆస్ట్రేలియా చిత్రకారుడి 'ది అరైవల్' (2006) అనే పుస్తకం మా అబ్బాయి తెచ్చాడు. ఆయన తండ్రి మలేషియా నుంచి వలస వచ్చినవారు. ఇందులో ఒక్క మాట లేదు. ఒకతను భార్యాబిడ్డలను వదిలి పెట్టెతో కొత్త దేశం వెళ్తాడు. అక్కడి అక్షరాలు ఏ భాషవీ కావు, చిత్రకారుడే కల్పించాడు. కనుక అతనికెంత అయోమయమో మనకూ అంతే. అద్దెగది కావాలని అడగడానికి నోట్‌బుక్కులో మంచం బొమ్మ గీసి చూపిస్తాడు. పోస్టర్లు అంటించే పని దొరికితే తలకిందులుగా అంటిస్తాడు.

మా అమ్మగారు ఆరు నెలలకని వచ్చి వున్నారు. ఆమెకు ఇంగ్లీషు రాదు, మా వాడికి తెలుగు చదవడం రాదు. ఇద్దరూ సోఫాలో కూర్చొని ఆ పుస్తకం తిప్పారు. ఆమె కథ చెప్తుంటే వాడు మధ్యలో "కాదు నాన్నమ్మా, చూడు, ఆ పిట్ట కాగితంది" అని దిద్దుతున్నాడు. ఓడ దిగినవాణ్ణి పరీక్షించి కోటు మీద చీటీలు అంటించే పేజీ దగ్గర ఆమె ఆగి మా వైపు తిరిగారు. "ఏరా, నీకూ ఇట్లాగే చేశారా?" చీటీలు లేవు గాని ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము చంకలో పెట్టుకొని దిగామనీ, అది ఎక్కడ ఇవ్వాలో తెలియక వరుసలో రెండుసార్లు వెనక్కి పంపారనీ చెప్పాము. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. అడిగే సందర్భం ఆమెకు రాలేదు, చెప్పే సందర్భం మాకు రాలేదు. మా వాడు కూడా మొదటిసారి విన్నాడు.

కమిటీ వారికి మా మనవి పోయిన నెల పెట్టాము. ఈ యేడు బొమ్మల నవలలు కూడా లెక్కలోకి వస్తాయి. "ఇక వేరే ఏదీ చదవరు" అని ఒక తల్లిగారు గట్టిగానే అన్నారు. ఆవిడ భయం ఉత్తది కాదు, అల్మారాలో వరసగా నలభై చదివి ఒక్క పేరా రాయలేని పిల్లలను మేమూ చూశాము. అందుకని పదింటిలో సగానికి మించకూడదు అన్నాము. రెండు వోట్ల తేడాతో నెగ్గింది. ఇండియా నుంచి సూట్‌కేసుల్లో మోసుకొచ్చి బేస్‌మెంట్లో పెట్టిన మన నవలలను మనం ఎన్నాళ్ళకోసారి తీస్తున్నామో అడిగే ధైర్యం మాకు మీటింగులో చాలలేదు, ఇక్కడ అడుగుతున్నాము.

ఆ అమ్మాయికి బహుమతి ఇంటికి వెళ్ళి ఇచ్చాము. దానితోపాటు 'బ్లాక్ రెయిన్' కూడా. మూడు వారాలకు తల్లి ఫోను చేసి ఆమెకిచ్చారు. సగం దాకా వచ్చిందట. "ఏమీ జరగడం లేదు అంకుల్, ఎప్పుడూ అన్నం గురించే. కాని నాకు భయంగా వుంది" అన్నది. యసుకో పెళ్ళి అవుతుందో లేదో మాత్రం చెప్పవద్దన్నది. పైన మేము కథంతా చెప్పేశాము గదా అని పాఠకులు కంగారుపడనక్కరలేదు. ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదు.

ఈ యేటి పోటీ ఫారాలు కార్యదర్శి గారి దగ్గర వున్నాయి. జూన్ 15 లోగా పేర్లు ఇవ్వవలసిందిగా మనవి.