లెక్కలో లేని ఊరికి బస్సెలా వస్తుంది?

సంక్రాంతి పండుగ ముగిసిందంటే ఆదోని, కోసిగి వైపు పల్లెల్లో వీధికి సగం గడపలకు తాళాలు పడతాయి. పత్తి పని అయిపోతుంది. పిల్లాజెల్లా, వంట సామాను సర్దుకుని గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు బండ్లెక్కుతారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన బడి పిల్లలు. ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. అయితే జనాభా లెక్కలు తీసేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే అన్న సంగతి చాలామంది గమనించలేదు.

2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఎన్యూమరేటర్లు ఇల్లిల్లూ తిరిగారు. ఆ రోజులన్నీ బయటి ఊళ్లోనే గడిపినవారిని ఎక్కడుంటే అక్కడే రాసుకోవాలని నిబంధన. అంటే మన కూలీ గుంటూరు వైపు మనిషి అయిపోయాడు. ఓటు ఇక్కడ, రేషను కార్డు ఇక్కడ, తల మాత్రం అక్కడ!

నాలుగు తలలు తగ్గితే ఏం మునిగిందని అడగవచ్చు. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద మైదాన ప్రాంతపు పల్లెకు రోడ్డు రావాలంటే 500 జనాభా ఉండాలి. మొదట 2001 లెక్కలు చూశారు. 2024లో ఆమోదించిన నాలుగో విడతకు 2011 లెక్కలే ఆధారం. కాగితం మీద 500కు పది మంది తగ్గితే ఆ ఊరివాళ్లు వాన వచ్చినప్పుడల్లా వంక ఒడ్డున నిలబడవలసిందే. 500 మీటర్ల లోపున్న మజరాలను కలిపి లెక్కించే వీలు ఆ పథకం తొలి నిబంధనల్లోనే ఉంది. దాన్ని గ్రామసభలో అడిగినవారు నాకైతే కనపడలేదు.

బస్సుదీ ఇదే కథ. మా ఊరికి రోజుకు రెండుసార్లు వచ్చే పల్లెవెలుగు 2020లో కరోనా లాక్‌డౌన్‌తో ఆగింది. మళ్లీ రాలేదు. అడిగితే కలెక్షన్ లేదంటారు. నిజమే, చివరి రోజుల్లో ఆ బస్సులో జనం పలచగానే ఉండేవారు. ఎందుకుంటారు? అది వచ్చేది పదింటికి. అప్పటికి హైస్కూలు బెల్లు కొట్టేసి ఉంటారు, కూలీలు చేలల్లో ఉంటారు. మొన్న ఒక పొద్దున రచ్చకట్ట మీద కూర్చుని చూశాను. ఎనిమిది లోపే మూడు ఆటోలు కిక్కిరిసి వెళ్లాయి. ఒకదానిలో డ్రైవరుకు అటొకరు ఇటొకరు పిల్లలు, వెనక కడ్డీ పట్టుకుని మరో ఇద్దరు. ఈ జనం ఏ డిపో లెక్కలోనూ లేరు.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో టికెట్టు లేదు. మంచి పథకమే, కాదనను. కానీ మెయిన్ రోడ్డు చేరేదాకా మా ఊరి ఆడవాళ్లకు ఆటో చార్జీ తప్పడం లేదు. పక్క ఊరి ఆడకూతురు సంతకు ఊరికే పోయి వస్తుంటే మావాళ్లు కొంగుముడి విప్పుతున్నారు.

రాబోయే జనాభా లెక్కలకు 2027 మార్చి 1వ తేదీని గీతగా పెట్టినట్లు కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. అంటే మనుషులను లెక్కించేది మళ్లీ ఫిబ్రవరిలోనే, మిరప కోతల్లోనే. పాత పద్ధతే ఉంటే, ఆ రోజుల్లో కొన్నాళ్లు ఊళ్లో ఉన్నా ఇక్కడి మనిషిగా రాస్తారు. రమ్మని కబురు పెట్టవచ్చు. కానీ చార్జీలు పెట్టుకుని, కూలి పోగొట్టుకుని రావడం కడుపు నిండినవాడు చెప్పినంత సులభం కాదు. అందుకే రోడ్డు మంజూరుకు ఫిబ్రవరి తలలొక్కటే కాక ఓటరు జాబితా, రేషను కార్డులు కూడా చూడాలని కలెక్టరు గారికి ప్రతి పంచాయతీ తీర్మానం పంపాలి.

ఇక డిపో వారికి ఒక్క మనవి. బడి తెరిచే నెలలో ఉదయం ఏడున్నరకు ఒక బస్సు, సాయంత్రం బడి వదిలాక ఒక బస్సు నెల రోజులు నడిపి చూడండి. అప్పటికీ సీట్లు ఖాళీగా ఉంటే మా ఊరివాళ్లు మళ్లీ అర్జీ పట్టుకుని మీ గుమ్మం ఎక్కరు.