పిల్లికూన పళ్ళు, మన ఇంటి దారాలు

పిల్లికూనని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు మొదట్లో ఫొటోలు చూపిస్తారండీ. దానికి మూడో నెల దాటి నాలుగులో పడిందో లేదో, ఫోన్లు మొదలు. చార్జరు వైరు కొరికేసింది, చెప్పు పట్టీ నమిలేసింది, దుప్పటి అంచు పీకేసింది, చెయ్యి పెడితే చేతినీ వదలట్లేదు అంటారు. “రెండు దెబ్బలేస్తే మానుతుందా?” అని కూడా అడుగుతారు. మానదు. మనల్ని చూస్తే మంచం కిందకి దూరడం మాత్రం నేర్చుకుంటుంది.

అసలు సంగతి దాని చిగుళ్ళలో ఉంది. కూనకి మూడో వారం నుంచీ పాలపళ్ళు మొలుస్తాయి. రెండు నెలలు నిండేసరికి మొత్తం 26 వచ్చేస్తాయి. మూడున్నర, నాలుగు నెలలప్పుడు అవి ఊడటం మొదలవుతుంది, కింద నుంచి గట్టి పళ్ళు తోసుకొస్తాయి. ఆరేడు నెలలకి 30 పళ్ళతో నోరు నిండుతుంది. ఊడిన పన్ను ఎప్పుడైనా చాప మీద దొరుకుతుంది, చాలాసార్లు అదే మింగేస్తుంది, దానివల్ల ఏమీ కాదు. కానీ ఆ నెలలన్నీ చిగుళ్ళు ఎర్రబడి సలుపుతూ ఉంటాయి. ఏదో ఒకటి కొరికితే గానీ దానికి హాయి ఉండదు. దానికితోడు, ఆ వయసులో కంటి ముందు ఏది కదిలినా వేటే.

అందుకని కొరకడం మాన్పించాలన్న పట్టుదల వదిలేయండి. కొరకడానికి తగినవి మనం ఇవ్వాలి, ప్రాణం తీసేవి అందకుండా చెయ్యాలి. ఈ రెండిట్లో రెండోదే ముందు చెయ్యాల్సిన పని.

అందరూ వైర్లకి భయపడతారు. భయపడాల్సిందే. కానీ నన్నడిగితే మన తెలుగిళ్ళల్లో వైరు కంటే దారానికి ఎక్కువ భయపడాలి.

“దారంతో ఏమవుతుంది పిన్నీ?” అంది మొన్న మా పక్కింటమ్మాయి. వాళ్ళ కూన వాడిన మల్లెల మాల లాక్కొచ్చి ఆడుతుంటే ముచ్చటపడి వీడియో తీస్తోంది. “ముందు ఆ మాల తీసెయ్యవే, తర్వాత చెప్తా” అన్నాను.

తనకి చెప్పిందే మీకూ చెప్తున్నాను. పిల్లి నాలుక మీద ముళ్ళుంటాయి కదా, అవన్నీ గొంతు వైపుకి వంగి ఉంటాయి. ఎముక మీద మాంసం గీక్కోడానికీ, ఒళ్ళు దువ్వుకోడానికీ అవి భలే పనికొస్తాయి. దారం కొస వాటికి తగులుకుందంటే మాత్రం ఉమ్మేయడం దానికి చేతకాదు, నాలుక ఆడించిన కొద్దీ లోపలికే పోతుంది. ఒక కొస నాలుక కిందో, పొట్టలోనో చిక్కుకుని మిగతాది పేగుల్లోకి జారితే, లంగా బొందు లాగితే కుచ్చులు పడ్డట్టు పేగంతా ముడుచుకుపోతుంది. పేగు కదిలినప్పుడల్లా ఆ దారం దాన్ని కోస్తూ ఉంటుంది. అంతవరకూ వచ్చాక ఆపరేషనే దిక్కు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటాం. దారం దగ్గర చెలగాటమూ పిల్లిదే, ప్రాణసంకటమూ పిల్లిదే.

ఒకసారి మీ ఇల్లంతా కూన ఎత్తుకి వంగి చూడండి. దేవుడి పటం నుంచి తీసిన దండ మూత లేని చెత్తబుట్టలో ఉంటుంది. మిషను కింద దారం ముక్కలు, జాకెట్టుకి హుక్కు కుట్టి దిండుకి గుచ్చిన సూదీ దారం, అద్దం ముందు జడ రబ్బరు బ్యాండ్లు, స్వీట్ల డబ్బాకి కట్టిన దారం, మటన్ కవరు ముడి, పాల ప్యాకెట్టు కత్తిరించిన చివర, చేతికి కట్టుకున్న ఎర్రదారం వేలాడే కొస. సంక్రాంతి వెళ్ళాక డాబా మీద మిగిలే మాంజా అయితే గాజుపొడి పూసింది, ఇంకా ఘోరం. ఇవేవీ మన కంటికి ప్రమాదంలా కనిపించవు. దానికి మాత్రం అన్నీ ఆడుకోమని పిలిచేవే. మూత ఉన్న చెత్తబుట్ట కొనుక్కోండి, సూదీ దారం డబ్బాలో వేసి మూత పెట్టండి. సగం గండం గడిచినట్టే.

నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే దయచేసి లాగకండి. లోపల పేగు తెగుతుంది. కక్కించాలని ఉప్పునీళ్ళు కూడా పట్టకండి. అలాగే ఎత్తుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. దారం మీ కంట పడకపోయినా, కూన వరసగా వాంతులు చేసుకుంటూ, తిండి మానేసి మూలన ముడుచుకుంటే ఆలస్యం చెయ్యొద్దు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకి ఆసుపత్రులున్నాయి. మీ ఊరికి ఏది దగ్గరో, రాత్రిపూట ఎవరు చూస్తారో ఇప్పుడే కనుక్కుని నంబరు ఫోనులో వేసుకోండి.

ఇక వైర్లు. మన కరెంటు 230 వోల్టులు. కొరికితే నోటి చివర్లూ నాలుకా కాలతాయి. అంతటితో బయటపడిందనుకుంటాం గానీ, కొన్ని గంటలయ్యాక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరొచ్చు. అందుకే షాకు కొట్టిన కూన లేచి తిరుగుతున్నా సరే డాక్టరుకి చూపించాల్సిందే. వైరు నోట్లో ఉండగా దాన్ని ముట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి. ఎలక్ట్రికల్ షాపులో సన్న ఫ్లెక్సిబుల్ పైపు అడిగితే ఇస్తారు, నిలువునా చీల్చి వైరు అందులో పెట్టేస్తే పళ్ళు దిగవు. చార్జరు వాడటం అయిపోగానే పీకి సొరుగులో పెట్టండి. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే కూనకే కాదు, మన పిల్లలకీ రక్షే.

వైర్లకి కారం పూయమనీ, మూలల్లో కలరా ఉండలు పెట్టమనీ, కర్పూరం చల్లమనీ చెప్పేవాళ్ళుంటారు. వినకండి. కారం కళ్ళల్లో పడితే అల్లాడిపోతుంది, మిగతా రెండూ దానికి విషాలే. పళ్ళ నొప్పి కదా అని పారాసిటమాల్ చిన్న ముక్క కూడా వెయ్యొద్దు, పిల్లి ప్రాణం పోతుంది. మొక్కల్లో మనీప్లాంటూ, డిఫెన్‌బాకియా కొరికితే నోరు మండి చొంగ కారుస్తుంది. వాటిని పైన వేలాడదీయండి. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీలైతే ఇంట్లోకే రానివ్వకండి, ఒంటికంటిన పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి. దండల్లో గుచ్చే మన లిల్లీ, అదే నేల సంపెంగ, వేరే జాతి.

మరి ఏమివ్వాలి? మందంగా ఉన్న పాత నూలు తువ్వాలు తడిపి, మెలిపెట్టి, కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి ఇవ్వండి. ముందరి రెండు కాళ్ళతో అదిమిపట్టి, తల పక్కకి వాల్చి, దవడ చివరి పళ్ళతో కసకసా నమలడం చూస్తే దానికి ఎంత హాయిగా ఉందో తెలిసిపోతుంది. పోగులు ఊడుతుంటే మాత్రం తీసేయండి. కుండీలో గుప్పెడు గోధుమలు చల్లితే వారం, పది రోజుల్లో లేత గడ్డి వస్తుంది, ఆకు నమలాలన్న సరదా అక్కడ తీర్చుకుంటుంది. కర్రకి దారంతో గుడ్డపేలిక కట్టి పొద్దునా సాయంత్రం పది నిమిషాలు పరిగెత్తించండి, ఆఖర్న పట్టుకోనివ్వండి, వెంటనే తిండి పెట్టండి. వేట, తిండి, నిద్ర, ఇదీ దాని వరస. ఆట అయ్యాక ఆ కర్ర బీరువాలో పెట్టాలి, దానికున్నదీ దారమే కదా. పెరుగన్నంతో సరిపెట్టకండి, పిల్లికి మాంసాహారం తప్పనిసరి. ఎదిగే కూనకి రోజుకి మూడు నాలుగు సార్లు పెట్టాలి.

చేతులతో మాత్రం ఆడించకండి. కరిచినప్పుడు చెయ్యి వెనక్కి లాగితే ఎర పారిపోతోందనుకుని ఇంకా గట్టిగా పడుతుంది. కదలకుండా ఉండి, రెండో చేత్తో బొమ్మ అందించండి.

ఏడో నెల దాటి పళ్ళన్నీ వచ్చాక కూడా ఉన్ని, గుడ్డ, ప్లాస్టిక్ కొరికి మింగుతూనే ఉంటే అది పళ్ళ గొడవ కాదు. తల్లి నుంచి మరీ తొందరగా విడదీసిన కూనల్లో ఈ అలవాటు కనిపిస్తుంది, ఒక్కోసారి లోపల జబ్బు కూడా ఉండొచ్చు. డాక్టరుకి చూపించండి. కొత్తగా కూనని తెచ్చుకోవాలనుకునేవాళ్ళు ఎనిమిది వారాలన్నా తల్లి దగ్గర ఉండనిచ్చి తెచ్చుకోండి.