లోకం చూద్దాం: ముకల్లా రేవు

పిల్లలూ! ఈ నెల మనం అరేబియా ఒడ్డున ఉన్న ఒక పాత రేవు పట్టణం చూసి వద్దాం. దాని పేరు ముకల్లా. యెమెన్ దేశంలో, హద్రమౌత్ అనే సీమలో, సముద్రం అంచున ఉంది. అక్కడికి హైదరాబాదు నుండి మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా మన ప్రయాణం తార్నాక నుండి మొదలుపెడదాం. ఎందుచేతనంటే, ఆ ఊరికి చుట్టాలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మనుషులే కాదు, చెట్లు కూడా!

ఉర్దూలో "తార్" అంటే తీగ, "నాకా" అంటే కాపలా ఉండే చోటు. పూర్వం ఇక్కడ ఒక తోట చుట్టూ ముళ్ళతీగ కట్టి కాపలా పెట్టారనీ, అందుకే ఈ చోటికి తార్నాక అనే పేరు వచ్చిందనీ చెబుతారు. ఇప్పుడు తోటా లేదు, తీగా లేదు. మెట్రో రైలు వచ్చి ఆగుతుంది. అక్కడ దిగి కొంచెం నడిస్తే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ వస్తుంది. ఆ విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. గులాబి వన్నె రాతితో కట్టిన ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939లో తెరిచారు.

ఈ ఆవరణలోనే దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ ఉంది. అది 1888లో పుట్టింది. వందల ఏళ్ళనాటి అరబ్బీ చేతివ్రాత గ్రంథాలను వెదకి, ఒక ప్రతితో మరొక ప్రతిని పోల్చి, తప్పులు సరిచేసి అచ్చువేయటం దాని పని. పదకొండవ శతాబ్దపు ఖగోళ పండితుడు అల్ బిరూనీ వ్రాసిన "ఖానూన్ అల్ మసూదీ" అనే పెద్ద గ్రంథం 1954–56 సంవత్సరాలలో ఇక్కడి నుండే వెలువడింది. ఏ ఊరు భూగోళం మీద ఎక్కడ ఉన్నదో తెలిపే అక్షాంశ రేఖాంశాల పట్టిక ఒకటి ఆ గ్రంథంలో ఉంది. కాబట్టి మనమూ బిరూనీ పద్ధతిలోనే ముకల్లాను వెదుకుదాం.

మీ అట్లాసు తెరవండి. మన నెల్లూరు ఎక్కడ ఉన్నదో చూడండి. భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు పద్నాలుగున్నర డిగ్రీల దగ్గర. ఇప్పుడు నెల్లూరు మీద స్కేలు పెట్టి, పడమటివైపు తిన్నగా గీత గీయండి. ఆ గీత రాయలసీమ దాటి, కర్ణాటకం దాటి, అరేబియా సముద్రమంతా ఈదుకుంటూ వెళ్ళి, అవతలి గట్టున ఎక్కడ తగులుతుందో చూశారా? ముకల్లా దగ్గరే! నెల్లూరూ ముకల్లా దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయన్నమాట.

మరి నెల్లూరు చుట్టూ వరిచేలు ఉంటే, ముకల్లా చుట్టూ ఎందుకు లేవు? చక్కని ప్రశ్న. ముందు ఊరు ఎలా ఉంటుందో చూడండి. ఎదుట నీలి సముద్రం. వెనుక, గడ్డిపోచ అయినా మొలవని కొండలు నిటారుగా లేచి నిలుచుంటాయి. ఈ రెంటికీ మధ్య సన్నని నేల. ఆ సన్నని నేలమీద తెల్లని మేడలు, మసీదులు భుజం భుజం రాసుకుంటూ ఉంటాయి. ఊరికి రాకపోకలు సాగే దారిమీద ఒక బండ, ఆ బండ నెత్తిన బుల్లి కోట. దాని పేరు హుస్న్ అల్ గువైజీ. శత్రువులు వస్తున్నారేమో అని పద్దెనిమిదవ శతాబ్దం నుండి అక్కడ కావలి కాసేవారు.

ఆ కొండలకు అవతల సున్నపురాతి పీఠభూమి ఉంది. ఉస్మానియా ఆవరణలో మీరు ఎక్కి జారే గుండ్రాళ్ళు ఉన్నాయే, అవి భూగర్భంలో కరిగి, మెల్లగా చల్లారి గడ్డకట్టిన రాయి. వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. సున్నపురాయి పుట్టుక వేరు. సముద్రపు అడుగున గవ్వలూ, చిన్న చిన్న జీవుల పెంకులూ పొరలు పొరలుగా పేరుకుని అది తయారవుతుంది. అంటే, ఆ ఎండిన పీఠభూమి ఒకప్పుడు సముద్రపు అడుగు! ఇప్పుడు అక్కడ నీటిచుక్క కనిపించటమే కష్టం.

ఇక వాన సంగతి. జూన్ నెల రాగానే నైరుతి గాలి వీస్తుంది గదా? ఆ గాలి అరేబియా దక్షిణపు ఒడ్డు వెంబడి రాసుకుంటూ పోయి, సముద్రం మీద తేమను మూట కట్టుకుని, మన దేశానికి తెచ్చి కురిపిస్తుంది. తార్నాకలో మీ గొడుగు మీద పడే వాన అలా వచ్చినదే. ముకల్లాకు మాత్రం ఏడాది మొత్తానికి కొద్దిపాటి వానే. అయితే ప్రకృతి ఆ ఊరికి అన్యాయం చేసిందనుకోకండి. అదే గాలి ఒడ్డు దగ్గరి పైనీటిని దూరంగా నెట్టివేస్తుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో సముద్రపు అడుగున చేరిన ఎరువంతా ఉంటుంది. దానివల్ల కంటికి ఆనని నాచు విపరీతంగా పెరుగుతుంది. నాచును తినటానికి చిన్న చేపలు, చిన్న చేపలను తినటానికి పెద్ద చేపలు వస్తాయి. కవళ్ళూ తూరచేపలూ గుట్టలు గుట్టలుగా పడతాయి. మనకు గాలి ధాన్యం ఇస్తే, వారికి చేపలు ఇస్తుంది.

గడ్డి లేని ఆ సీమలో ఒంటెలకు ఏమి పెడతారో తెలుసా? ఎండబెట్టిన చేపలు! ముకల్లాకు తూర్పున షిహ్ర్ అనే పాత రేవు ఉంది. అక్కడి పశువులు చేపలు తిని బ్రతుకుతాయని పదమూడవ శతాబ్దం చివర మార్కో పోలో తన యాత్రల పుస్తకంలో చెప్పాడు. తెల్లని సాంబ్రాణి అక్కడ దొరుకుతుందనీ, మంచి గుర్రాలను అక్కడినుంచి ఓడలలో ఇండియాకు పంపుతారనీ కూడా చెప్పాడు. ఆ పుస్తకంలోనే మన మోటుపల్లి రేవు ప్రసక్తి ఉంది. ఆ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా పాలిస్తున్నదని ఉంది. ఆ రాణి ఎవరో మీరు ఇప్పటికే కనిపెట్టి ఉంటారు. మన కాకతి రుద్రమదేవి!

ఇప్పుడు చెట్ల చుట్టరికం చూద్దాం. మన ఈతచెట్టును చూశారు గదా? అరబ్బుల ఖర్జూరపు చెట్టు దానికి స్వయానా పెద్దన్న వంటిది. రెండూ ఒకే జాతి. భోగినాడు మీ తలమీద పోసే రేగుపండ్లు కాసే చెట్టుకు అక్కడ ఒక చెల్లెలు ఉంది. దానిని "సిద్ర్" అంటారు. హద్రమౌత్‌లో దోఆన్ అనే లోయ ఉంది. అక్కడ సిద్ర్ చెట్లు పూసే కాలానికి తేనె పట్టేవారు తేనెటీగల పెట్టెలు మోసుకుని వస్తారు. ఆ తేనెకు లోకమంతటా పేరున్నది, ధర కూడా చాలా ఎక్కువ.

సాంబ్రాణి చెట్టు మరీ విచిత్రం. బెరడు మీద చిన్న గాటు పెడితే పాలవంటి జిగురు కారి, గాలికి గట్టిపడి, కన్నీటి బొట్టులాగా నిలుస్తుంది. ఆ బొట్లు గీరి తెచ్చి ధూపం వేస్తారు. వేల సంవత్సరాలుగా అరేబియా సాంబ్రాణి ఓడల మీదా ఒంటెల మీదా దేశదేశాలకూ వెళ్ళింది. దాని బంధువు అందుగు చెట్టు మన అడవులలో ఉంది. మరొక బంధువును తిరుపతి వైపు కొండసాంబ్రాణి అంటారు. అది శేషాచలం కొండలలోనూ, చుట్టుపక్కల తూర్పు కనుమలలోనూ తప్ప లోకంలో ఎక్కడా సహజంగా పెరగదు. ఈ చెట్లకు విశ్రాంతి ఇవ్వకుండా పదే పదే గాట్లు పెడితే అవి నీరసిస్తాయి. వాటి గింజలు కూడా సరిగా మొలవవు. ఆవు పాలన్నీ పిండేస్తే దూడకేమి మిగులుతుంది? ఇదీ అంతే. అక్కడా ఇక్కడా ఈ చెట్లు నానాటికీ తగ్గిపోతున్నాయి.

చెట్ల తరువాత మనుషులు. నీళ్ళు తక్కువైన హద్రమౌత్‌లో అందరికీ తిండి పుట్టేది కాదు. అందువల్ల అక్కడి యువకులు ఓడ ఎక్కి దూరదేశాలకు పోయేవారు. చలికాలంలో ఈశాన్యపు గాలి మన ఒడ్డు నుండి అటు నెడుతుంది. వేసవి దాటాక నైరుతి గాలి అటునుండి ఇటు నెడుతుంది. తెరచాప ఎత్తితే చాలు, గాలే పడవవాడు! అలా వచ్చినవారిలో ఎందరో హైదరాబాదులో నిజాము సైన్యంలో చేరారు. పాతబస్తీకి దక్షిణాన బర్కస్ అనే పేట ఉంది. "బారక్స్" అనే మాటే బర్కస్ అయింది. ఆ సైనికుల మునిమనుమలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. బర్కస్ జామపండ్లు మీలో చాలామంది తినే ఉంటారు.

అలా వచ్చినవారిలో ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ ఒకడు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆయన నిజాము కొలువులో జమేదారు అయి, బాగా ధనం సంపాదించాడు. పుట్టిన సీమను మాత్రం మరువలేదు. ఆయన కుమారులు హైదరాబాదు సొమ్ముతో అక్కడ బలం పెంచుకుని, ఒక్కొక్క ఊరే గెలుచుకుంటూ, 1881లో ముకల్లాను కూడా పట్టుకున్నారు. తరువాత ముకల్లాయే వారి రాజధాని అయింది. సముద్రపు ఒడ్డున తెల్లని మేడ కట్టించారు. అక్కడ రాజ్యం, ఇక్కడ ఇళ్ళూ బంధువులూ! కుఐతీ సుల్తానుల పాలన 1967లో ముగిసింది. వారి మేడ తరువాత మ్యూజియం అయింది.

పిల్లలూ, ఇంతదాకా విన్నారు గదా, "అయితే వేసవి సెలవులకు ముకల్లా వెళదాం నాన్నా!" అని అడగబోతున్నారేమో. ఇప్పుడు అది తేలిక కాదు. 2015లో యెమెన్‌లో యుద్ధం పెద్దదయింది. ఆ ఏడాది ఏప్రిల్ నుండి మరుసటి ఏప్రిల్ దాకా ముకల్లా సాయుధ ముఠా చేతిలో చిక్కి ఉంది. అది చాలదన్నట్టు 2015 నవంబరులో "చపాలా" అనే తుఫాను ఆ తీరాన్ని తాకింది. కొన్నేళ్ళలో కురవవలసిన వాన ఒకటి రెండు రోజులలో కురిసింది. వాన ఎరుగని కొండలమీద పడిన నీరు ఆగుతుందా? వరదలై ఊళ్ళమీదకు దూకింది.

ఆ కష్టకాలంలోనే మన ఓడలు చేసిన ఒక పని మీరు తెలుసుకోవాలి. యెమెన్‌లో చిక్కుకున్న మనవారిని తీసుకురావటానికి "ఐ.ఎన్.ఎస్. సుమిత్ర" మొదలైన నౌకలు బాంబుల మధ్య ఏడెన్, హొడైదా మొదలైన రేవులకు వెళ్ళాయి. నౌకలూ విమానాలూ కలిసి 4,600 మందికి పైగా భారతీయులను రక్షించాయి. వారితోపాటు నలభై దేశాలకు పైగా చెందిన 900 మందికి పైగా విదేశీయులను కూడా ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చాయి. "నీది ఏ దేశం?" అని అడిగి ఎవరినీ వెనుక వదలలేదు.

ఇది మనకు కొత్త కాదు. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. పూర్వపు రాజులు తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకునంతా లాక్కునేవారు. "ఇక మీదట మేము అలా చేయము, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాము" అని ఆయన సముద్రవర్తకులకు అభయమిచ్చాడు. ఆ అభయం ఉన్నది కాబట్టే పరదేశి ఓడలు నమ్మకంతో మన రేవుకు వచ్చాయి. గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది. కాని రేవులో అభయం లేకపోతే ఎంత మంచి గాలి అయినా ఏ ఓడనూ తీసుకురాలేదు. ముకల్లాలోనూ అటువంటి అభయం నిలిచిన రోజున, మీరు నిజంగానే ఆ తెల్లని మేడ చూడగలుగుతారు.

అంతవరకు ఈ నెల మీకు రెండు పనులు. మొదటిది: మీ ఇంటి దగ్గరో, బడి దగ్గరో ఒక ఈతచెట్టునూ ఒక రేగుచెట్టునూ వెదకి, ఆకు బొమ్మ వేయండి. చెట్టుకు దెబ్బ తగలకుండా సుమా!

రెండవది లెక్క. సూర్యుడు ఒక డిగ్రీ దాటటానికి నాలుగు నిమిషాలు పడుతుంది. తార్నాక రేఖాంశం సుమారు 78½ డిగ్రీలు, ముకల్లాది సుమారు 49 డిగ్రీలు. కాబట్టి తార్నాకలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన 118 నిమిషాలకు ముకల్లాలో నడినెత్తికి వస్తాడు. కాని గడియారాలు చూస్తే రెండు ఊళ్ళకూ రెండున్నర గంటల తేడా ఉంటుంది! మిగతా 32 నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయి? మన దేశపు గడియారం 82½ డిగ్రీల రేఖను బట్టి నడుస్తుంది, యెమెన్ గడియారం 45 డిగ్రీల రేఖను బట్టి. ఈ ఆధారంతో మీరే ఆలోచించండి. తేలకపోతే నాన్ననో అమ్మనో ప్రక్కన కూర్చోబెట్టుకోండి. వారికి కూడా కాస్త లెక్కలు జ్ఞాపకం వస్తాయి!