తలరాత, గెజెటు రాత

వెంకటాచలం స్టేషనులో నిలబడి బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టడం నాకు అలవాటయింది. కృష్ణపట్నం రేవు నుంచి వచ్చిన గూడ్సు యిక్కణ్ణుంచి వెలుగొండలు తొలిచిన సొరంగంలోంచి ఓబులవారిపల్లెకు పోతుంది. ఆ కొసన రైల్వేకోడూరు, రాజంపేట. అక్కడి మనుషులు ఏళ్ల తరబడి కువైటుకు పోతున్నారు. గల్ఫు కథలు రాసే మన మిత్రులు ఆ కొస మాత్రమే చూసి, కన్నీరు కార్చి, తలరాత అని ముగిస్తున్నారు. నా తగాదా ఆ మాటతోనే. ఆ రాత గెజెటులో అచ్చయింది. చదివిన కథకుడేడీ?

ముత్తుకూరు మండలంలో సింగపూరు కంపెనీ సెంబ్‌కార్ప్ తన విద్యుత్కేంద్రాలను 2023 జనవరిలో ఒమాన్ పెట్టుబడి సంస్థల కూటమికి అమ్మింది. పొగగొట్టం అంగుళం కదలలేదు. కాగితం మీద యజమాని సముద్రం దాటాడు. అమ్మకం చట్టబద్ధమే, తప్పు పట్టను. కాని పన్ను వేస్తే పెట్టుబడి ఎగిరిపోతుందని బెదిరించే పండితులు, ఎగిరేది కాగితమేనని ఎన్నడూ సెలవివ్వరు.

19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలను మారిషస్ చెరకు తోటలకు ఓడలెక్కించారు. 1982లో మన ప్రభుత్వం అదే దీవితో పన్ను ఒప్పందం చేసుకున్నది. అక్కడి కంపెనీ యిక్కడి వాటాలు అమ్మి గడించిన లాభం మీద పన్ను హక్కు ఆ దీవిదే. ఆ దీవి ఆ పన్ను వెయ్యదు! రెండుసార్లు పన్ను పడకూడదన్న న్యాయం, ఒక్కసారీ పడకపోవడంగా తేలింది. 2016లో గాని దాన్ని సవరించలేదు. అదీ 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న వాటాలకే.

గల్ఫులో కూలికి ఆదాయపు పన్ను లేదు గదా అంటారు. నిజమే. మరి ఏజెంటు రుసుము? చట్టం దానికి 30 వేల హద్దు పెట్టింది, పైన 18 శాతం జీఎస్టీ. ఒక్క దినారు సంపాదించక ముందే పన్ను కట్టి విమానమెక్కేవాడు శ్రామికుడే.

2020 సెప్టెంబరులో, కరోనా కాలాన ఉద్యోగాలు నిలుస్తాయన్న సాకుతో, గల్ఫు కూలీలకు తాను సిఫారసు చేసే కనీస వేతనాన్ని కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. దానికి పార్లమెంటు అక్కర లేకపోయింది, సర్క్యులరు చాలింది. గొడవయ్యాక 2021లో పాత రేట్లు తిరిగి పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో, పాత తేదీల నుంచి వర్తించే 2012 నాటి పన్ను సవరణను పార్లమెంటు చేత రద్దు చేయించి, కంపెనీల నుంచి వసూలైన సుమారు 8,100 కోట్లు వాపసిస్తామన్నది. పాత తేదీల చట్టం మంచిది కాదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ నెలల్లో తగ్గిన కూలికి సంతకం పెట్టి పోయినవాడి మాటేమిటి? అతని తేడా ఎవరు వాపసిచ్చారు? మిత్రులారా, మీ కథల్లో ఏ పాత్ర యీ ప్రశ్న అడిగింది?