గంజాయి బాకీకి గతి యేది?

హిమాచల ప్రదేశ మంత్రివర్గము 2025 జనవరిలో గంజాయి మొక్కను నిబంధనలకు లోబరచి ప్రయోగార్థము సాగు చేయించి చూచుటకు అంగీకరించినది. ఉత్తరాఖండము మత్తు తక్కువగల నార జాతికి 2018 లోనే లైసెన్సు లొసగినది. ఈ వార్తలు వెలువడిన నాటినుండి మన మెట్ట ప్రాంతములలోను చర్చ బయలుదేరినది. అనుమసముద్రముపేట మొదలుకొని ఉదయగిరి కొండ పాదమువరకు వానదేవుని దయమీద బ్రతుకు భూస్వాములు కొందరు, ఆ పైరు మన నేలకేల రారాదని అడుగుచున్నారు. ఎకరమునకు దిగుబడి యెంత, ధర యెంత యని లెక్కలు వేయువారు పెక్కుమంది కలరు. సరుకు అప్పుమీద పోయిన పిమ్మట కొన్నవాడు సొమ్మీయకున్న గతి యేమని యడిగినవారిని మాత్రము మే మింతవరకు చూడలేదు. వర్తకమునందు అసలు ప్రశ్న అదియే గదా!

వడ్లు గాని నిమ్మకాయలు గాని అప్పుమీద అమ్మిన రైతుకు చట్టము కొంత ఆసరా యిచ్చుచున్నది. ప్రాంసరీ నోటున్నచో మూడేండ్లలోపల దావా తేవచ్చును. మధ్య చెల్లు పడినచో ఆ తేదీనుండి మరల మూడేండ్లు లెక్కకు వచ్చును. గడువు దాటినచో కాలదోషము పట్టును. చెక్కు చెల్లక తిరిగివచ్చినచో 1881 నాటి చట్టమునందలి 138 వ సెక్షను క్రింద కొన్నవానిని నేరస్థుల బోనున నిలువబెట్టవచ్చును. అయితే ఆ సెక్షనులో ఒక మాట కలదు: బాకీ చట్టరీత్యా వసూలు కాదగినదై యుండవలెను. గంజాయి వెల అట్టిది కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమునందలి 23 వ సెక్షను, అక్రమమైన ఉద్దేశము గల ఒడంబడిక చెల్లనేరదని శాసించుచున్నది. నోటులో 'కుటుంబావసరములకై రొక్కముగా పుచ్చుకొన్నాను' అని వ్రాయించుకొన్నంత మాత్రమున గట్టెక్కుటకు వీలులేదు. ప్రతివాది అది గంజాయి సొమ్మని రుజువు చేసినచో వాది దావా పోవుటయే గాక, వాది నేరమును బయటపడును. మత్తుపదార్థముల చట్టము 1985 నవంబరు 14 నుండి అమలులో నున్నది. దాని ప్రకారము అనుమతి లేని సాగుకు పదేండ్లవరకు కఠినశిక్షయు, లక్ష రూపాయలవరకు జుల్మానాయు కలవు. ఇరువది కిలోలకు మించిన సరుకునకు శిక్ష పదేండ్లకు తగ్గదు.

ఇందొక విచిత్రము. ఆ చట్టము గంజాయి యనగా పూతగల కొనలనియే నిర్వచించినది. పూత లేని ఆకును, గింజను విడిచిపెట్టినది. ఒకే మొక్క, కొన బాకీ చెల్లదు, ఆకు బాకీ ఆయా రాష్ట్రముల ఆబ్కారీ నిబంధనలకు లోబడి చెల్లవచ్చును. ప్లీడర్లకిది పండుగ.

అప్పిచ్చువారు, కౌలుకిచ్చువారు మరియొక సంగతి గమనింపవలెను. తెలిసి గంజాయి వర్తకమునకు పెట్టుబడి పెట్టినవానికి 27ఎ సెక్షను క్రింద పది మొదలు ఇరువది యేండ్ల శిక్ష. తన భూమిలో అట్టి సాగు జరుగుచున్నదని తెలిసియు పోలీసులకు తెలుపని భూస్వామి 46 వ సెక్షను క్రింద శిక్షార్హుడు. 'పైరు కౌలుదారుడు వేసినాడు, మే మెరుగము' అను సమాధానము ప్రతి కోర్టులోను నిలువదు.

కోర్టు లేనిచోట బాకీ యెట్లు వసూలగునో విశాఖ మన్యము చూపుచున్నది. అచ్చట బయటి వ్యాపారులు పెట్టుబడి ముందుగా నిచ్చి గిరిజనులచే పైరు వేయించిరి. 2021 లో రాష్ట్ర పోలీసులు 'పరివర్తన' పేరిట తోటలను నరికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున రెండు లక్షల కిలోలకు పైబడిన సరుకును తగులబెట్టిరి. సరుకు బూడిదయైనది గాని పుచ్చుకొన్న బయానా బూడిద కాలేదు. అడుగువాడు చట్టమునకు వెలుపలివాడు. ఈయవలసినవాడును ఠాణా మెట్లెక్కి మొర పెట్టుకొనజాలడు. ఏజన్సీ ప్రాంతపు వడ్డీవ్యాపారమును అదుపు చేయుటకు 1960 లో రెగ్యులేషను వచ్చినది. కాని నోటు గాని పద్దు గాని లేని అప్పును ఏ అధికారి పట్టుకొనగలడు? అట్టి బాకీ కూలికి, సరుకు మోతకు మారును; పట్టుబడునది మోసినవాడు.

చట్టము అనుమతించిన దేశములలో నైనను ఈ చిక్కు తీరలేదు. అమెరికాలో కాలిఫోర్నియా, కొలరాడో మున్నగు రాష్ట్రములు గంజాయి వర్తకమునకు లైసెన్సు లిచ్చినవి. 1970 నాటి సమాఖ్య చట్టము దానిని నిషేధించినది. 2015 లో కొలరాడోకు చెందిన యొక లైసెన్సుదారు దివాలా రక్షణ కోరగా, సమాఖ్య న్యాయపీఠము ఆ అర్జీని త్రోసిపుచ్చెను. ఋణదాతలందరికి ఆస్తిని పంచిపెట్టు దివాలా ద్వార మట్లు మూసికొనిపోయెను. కాలిఫోర్నియా తన సివిలు కోడును సవరించి, లైసెన్సు గల గంజాయి ఒడంబడికలు చెల్లునని చెప్పవలసివచ్చినది. అయినను 2023 లో హెర్బ్ల్ అను పెద్ద పంపిణీ సంస్థ కుప్పకూలి రిసీవరు చేతికి పోగా, సరుకు అప్పిచ్చినవారు దిక్కులు చూచిరి. గడువు దాటిన పదునైదు దినములలో బాకీ తీర్పించు బిల్లొకటి ఆ యేడే శాసనసభకు వచ్చి, శాసనము కాలేకపోయెను. సర్కారు పన్ను, కూలివాని జీతము ముందు. పండించినవాని బాకీ చివర.

ఇది మనకు క్రొత్త కథ కాదు. ఆంగ్లేయుల కాలమున బాపట్ల తాలూకా దగ్గుబాడు ప్రాంతమున లైసెన్సుపై గంజాయి పండెడిది. ఆబ్కారీ బకాయిని దొరలు భూమిశిస్తువలె జప్తుచేసి రాబట్టుకొనెడివారు. సర్కారు తన రూకను ఏనాడును అప్పుమీద విడువలేదు.

మన జిల్లాలోనే దీనికి మందు కలదు. కలిగిరిలోను, మర్రిపాడు మండలము డి.సి.పల్లెలోను పొగాకు వేలము జరుగుచున్నది. 1985 లో ఆంధ్రమున బోర్డు వేలములు ప్రారంభము కాకముందు, వ్యాపారి సరుకును తన గోదాముకు తోలించుకొని, చీటీ వ్రాసియిచ్చి, నెలలకొలది త్రిప్పెడివాడు. నేడు వర్జీనియా రైతు సొమ్ము బోర్డుద్వారా బ్యాంకిలో పడుచున్నది. వ్యాపారి గుమ్మమున నతడు పడిగాపులు పడనక్కరలేదు. ఆ వేదిక లేని బర్లీ రైతు సంగతి 2025 లో చూచితిమి. ప్రకాశము, బాపట్ల, గుంటూరు జిల్లాలలో కొనుటకు కంపెనీలు వెనుదీయగా, మార్కుఫెడ్డు చేత ప్రభుత్వమే కొనిపింపవలసివచ్చెను. నిషేధమే లేని పైరుకే ఆ గతి పట్టినది!

ఆంధ్ర ప్రభుత్వము నార గంజాయికి నేడు అనుమతి యీయలేదు. ఈయవలెనని మేము కోరుటయును లేదు. రేపు యోచించినచో, వేలపు వేదిక యెచ్చట నుండును, కొనువాడు ముందుగా కట్టవలసిన ధరావతు ఎంత, బాకీ నిలిపినవాని లైసెన్సు ఎన్ని దినములలో రద్దగును అను మూడు ప్రశ్నలకు జవాబు బిల్లులోనే యుండవలెను. తరువాత చేయు రూల్సులకు విడువరాదు. ఆత్మకూరు, ఉదయగిరి శాసనసభ్యులు ఈ మూడింటిని సభలో అడుగుదురా యని వారి నియోజకవర్గపు రైతులు ఇప్పుడే వారిని విచారింపవచ్చును.