గడియారానికి అయిదు గంటలు, కాళ్ళకు పదిన్నర

ప్రశ్న: మా అత్తగారికి 63 ఏళ్ళు. పదిహేనేళ్ళుగా షుగరు ఉంది. పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేసుకుంటారు. మా ఆడపడుచు పురిటికి జనవరిలో ఒంటరిగా లండన్ వెళుతున్నారు. విమానం హైదరాబాదులో ఉదయం 7 గంటలకు బయలుదేరి మధ్యాహ్నం 12 గంటలకు చేరుతుందని టికెట్టులో ఉంది. "అయిదు గంటలేగా, రాత్రి ఇంజెక్షన్ అక్కడ వేసుకుంటాను, ఇంత హడావుడి దేనికి?" అంటున్నారు. సాయంత్రానికి ఆమె పాదాలు కొంచెం వాస్తాయి కూడా. భయపడవలసింది ఉందా?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, టికెట్టు అబద్ధం చెప్పలేదు. కాని అందులో వేసిన రెండు టైములూ రెండు ఊళ్ళ గడియారాలవి. జనవరిలో లండన్ గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనక. అక్కడ 12 కొట్టేసరికి మనకు సాయంత్రం అయిదున్నర. అంటే ప్రయాణం పదిన్నర గంటలు. దూరం సుమారు 7,700 కిలోమీటర్లు మరి! దానికి ముందు తెనాలి నుంచి శంషాబాదు దాకా రాత్రంతా కారు, ఆపైన విమానాశ్రయంలో మూడు గంటల నిరీక్షణ.

ముందు ఇన్సులిన్ సంగతి. ఆ రోజు ఆమెకు 24 గంటలు కాదు, ఇరవై తొమ్మిదిన్నర. రాత్రి 8 గంటలకు లండన్‌లో భోజనానికి కూర్చుంటే మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. పొద్దుటి మందు అంతసేపు కాయకపోవచ్చు, షుగరు పెరగవచ్చు. మధ్యలో కొంచెం మందు కలపాలా, ఎంత అన్నది ఆమె వాడే ఇన్సులిన్ రకాన్ని బట్టి మీ డాక్టరుగారే చెప్పాలి. రెండు వారాల ముందే టికెట్టు తీసుకుని వెళ్ళి, భారత కాలం ప్రకారం కాగితం మీద రాయించుకోండి. దిగేదాకా ఆమె చేతి గడియారం మార్చవద్దు. తిరుగు ప్రయాణంలో రోజు కురచవుతుంది. అప్పుడు మోతాదులు దగ్గర పడి షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. నాకు అదే ఎక్కువ భయం. దానికీ వేరే కాగితం రాయించండి.

విమానంలో భోజనం పళ్ళెం ఎదుటికి వచ్చాకే సూది వేసుకోమనండి. ఇన్సులిన్, సూదులు, షుగరు చూసే మిషను, గ్లూకోజు బిళ్ళలు, డాక్టరు చీటీ అన్నీ చేతిసంచిలోనే ఉండాలి. కింద సామానులో వేస్తే చలికి ఇన్సులిన్ గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు.

ఇక పాదాలు. గంటల తరబడి కాళ్ళు వేలాడేస్తే రెండు పాదాలూ వాయడం మామూలే. అసలు భయం పిక్కలో రక్తం గడ్డకట్టడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదిక ప్రకారం నాలుగు గంటలు మించిన విమాన ప్రయాణాల్లో ఇది సుమారు ఆరువేల మందిలో ఒకరికి. అరుదే, కాని తేలిగ్గా తీసుకోరాదు. నడవా పక్క సీటు అడగండి. గంటకోసారి నాలుగడుగులు వేయాలి, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించుతుండాలి. లేవాల్సి వస్తుందని మంచినీళ్ళు మానేసే అలవాటు మన పెద్దవాళ్ళకు ఉంది, అది కూడదు. వదులైన బూట్లు వేసుకోవాలి. షుగరు పాదాలతో ఉత్తకాళ్ళ నడక వద్దు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మింగవద్దు.

దిగిన తరువాత కొన్ని వారాల దాకా, ఒక కాలే వాచి పిక్క నొప్పి పెట్టినా, ఆయాసం, గుండెలో నొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలని మీ ఆడపడుచుకు ఇప్పుడే చెప్పి ఉంచండి. పురిటి సందడిలో పెద్దావిడ తనంతట తాను చెప్పరు.